కౌజు పిట్టల గుడ్లు తగ్గినా, పెంకు చెడినా: మందుల కంటే ముందు చూడవలసినవి

నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల, కల్వకుర్తి వైపుల నుంచి కౌజు పిట్టల రైతులు నాకు చేసే ఫోన్లలో ఎక్కువ భాగం కార్తీకానికీ సంక్రాంతికీ మధ్యనే వస్తాయి. అందరూ అడిగేది ఒకటే: గుడ్లు తగ్గాయి, ఏ మందు వేయాలి? అప్పటికే వారు లివర్ టానిక్కు, కాల్షియం సిరప్పు, ఒకటో రెండో యాంటీబయాటిక్కులు నీళ్లలో కలిపి చూసి ఉంటారు, దాణా కంపెనీని కూడా మార్చి ఉంటారు. రాత్రి ఎనిమిది గంటలకు షెడ్డులోకి ఒక్కసారైనా వెళ్లి చూశారా అని అడిగితే మాత్రం అవతల మాట ఆగిపోతుంది. ఖర్చు లేని ఆ ఒక్క పని చేయకుండా వేల రూపాయల మందులు పోయడం చూసి చూసి మనసుకు కష్టమనిపించి ఇది రాస్తున్నాను. పిల్లల పెంపకం, పంజరాల కొలతలు, శుభ్రత మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఏడు వారాలు దాటి గుడ్లకు వచ్చిన జపనీస్ కౌజు పిట్టల గురించే ఇక్కడి మాటలన్నీ.

గుడ్లు తగ్గాయా, లెక్క తప్పిందా

మంచి వయసులో ఉన్న మందలో వంద పెట్టలకు రోజుకు ఎనభైకి అటూ ఇటూగా గుడ్లు రావాలి. లెక్కించవలసింది పెట్టలనే కానీ పిట్టలను కాదు. పెట్టలని చెప్పి ఇచ్చిన 500 పిట్టల్లో 60 పుంజులు కలిసి ఉంటే, మిగిలిన 440 పెట్టలు 350 గుడ్లు పెట్టినా రైతు పుస్తకంలో అది నూటికి డెబ్బైగానే పడుతుంది, నిజానికి ఆ మంద ఎనభైకి దగ్గరగా పెడుతున్నట్టు. రొమ్ము మీది ఈకలు మచ్చలు లేకుండా ఇటుక రంగులో ఉంటే పుంజు, లేత గోధుమ రంగు మీద నల్లని చుక్కలు ఉంటే పెట్ట. తెల్ల రకాల్లో ఈ గుర్తు పనికిరాదు కనుక మలద్వారం పైన ఉబ్బిన గ్రంథిని వేలితో మెల్లగా నొక్కి చూడాలి, తెల్లటి నురుగు వస్తే అది పుంజు. గుడ్లు తినడానికే అమ్మేవారికి పుంజులు అవసరమే లేదు, అవి దాణా తింటాయి, పెట్టల మెడల మీద, వీపుల మీద ఈకలు పీకుతాయి.

రెండో పొరపాటు కోళ్లను పెంచిన అలవాటు నుంచి వస్తుంది. కోడి పొద్దున గుడ్డు పెడుతుంది, కౌజు పిట్టల్లో మాత్రం ఎక్కువ భాగం మధ్యాహ్నం మూడు గంటల నుంచి చీకటి పడే లోపల పెడతాయి. మధ్యాహ్నమే గుడ్లు ఏరి షెడ్డు మూసి వెళ్లేవారి గుడ్లు రాత్రంతా పంజరంలో ఉండి, కొన్ని పగిలి, కొన్ని పిట్టలే పొడిచి తిని, పొద్దునకు తక్కువ కనిపిస్తాయి. సాయంత్రం దీపాలు ఆరకముందు ఒకసారి, పొద్దున ఒకసారి ఏరి, రెండు లెక్కలనూ పుస్తకంలో వేర్వేరు గడుల్లో రాయాలి. ఈ రెండు గడుల అవసరం ఏమిటో కింద తెలుస్తుంది.

గుడ్లు నిజంగానే తగ్గాయి: ముందు వెలుతురు

గుడ్డు పెట్టాలా వద్దా అన్నదాన్ని కౌజు పిట్ట దాణాను చూసి కాక పగటి పొడవును చూసి నిర్ణయించుకుంటుంది. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే గుడ్ల సంచి నిండుగా ఉంటుంది, 12 గంటల కంటే తగ్గితే అది క్రమంగా ముడుచుకుపోతుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఉన్న చోట జూన్ నెలలో పగలు 13 గంటలు దాటి ఉంటుంది, డిసెంబరులో 11 గంటల 10 నిమిషాలకు దిగుతుంది. అంటే ఏడాదిలో ఏ రోజూ సూర్యుడు ఒక్కడే 16 గంటలు ఇవ్వడు, ఏడాది పొడవునా దీపం కావలసిందే. అయితే ఎండకాలంలో దీపం లేకపోయినా మంద కొంతవరకు నెట్టుకొస్తుంది, చలికాలంలో నెట్టుకు రాలేదు. కార్తీకంలో ఫోన్లు పెరగడానికి కారణం ఇదే.

ఈ సంగతి చాలామందికి తెలుసు. దీపాలు పెట్టామనే చెప్తారు, పెట్టారు కూడా. నేను దెబ్బ తిన్నది కూడా దీపాలు పెట్టిన షెడ్డులోనే.

అప్పుడు నా దగ్గర ఎనిమిది వందల పెట్టలు ఉండేవి. సాయంత్రం ఐదున్నరకు వెలిగి రాత్రి పదిన్నరకు ఆరేలా చక్రం టైమర్ ఒకటి పెట్టించాను. చుట్టూ చిన్న పిన్నులతో, లోపల కరెంటుతో తిరిగే మోటారుతో ఉండే మామూలు రకం అది. జూన్ మొదట్లో పెట్టాను, నాలుగు రోజులు గమనించాను, సరిగా పనిచేసింది, ఇక దాని సంగతి మరిచిపోయాను. వానకాలమంతా గుడ్లు బాగానే వచ్చాయి. దీపావళి దాటాక తగ్గడం మొదలై, మూడు వారాల్లో ఎనభై దాటి పెట్టే మంద యాభైకి వచ్చింది, కొన్ని పిట్టలకు మెడ మీద ఈకలు కూడా రాలాయి. దాణా అమ్మినతనితో గొడవ పడ్డాను, బస్తాలు మార్చాను, నులిపురుగుల మందు వేశాను. దీపాలు వెలుగుతున్నాయా అని షెడ్డు చూసే తమ్ముణ్ణి రెండుసార్లు అడిగాను. "బుగ్గలన్నీ ఎలుగుతున్నయ్ అన్నా, పొద్దున నేను దాణా ఏసేటప్పుడు చూస్తనే ఉన్న" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ మాటలోని "పొద్దున" అన్న ఒక్క ముక్కను నేను వినిపించుకోలేదు, అంతే. తరువాత ఒక రోజు బంధువుల ఇంటి నుంచి వస్తూ రాత్రి ఏడున్నరకు షెడ్డు పక్కగా పోతే లోపల కటిక చీకటి. టైమర్ దగ్గరకు వెళ్లి చూస్తే దాని చక్రం మీద బాణం గుర్తు తెల్లవారుజామున నాలుగున్నర చూపిస్తోంది.

కారణం చిన్నది. కరెంటు పోయినప్పుడల్లా ఆ చక్రం ఆగుతుంది, కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచే మళ్లీ తిరుగుతుంది. గాలివానకు పోయిన గంట, లైను పనికి ఆపిన అరగంట, ఉరుముకు పోయి వచ్చిన అయిదు నిమిషాలు, అన్నీ దాని ఖాతాలో జమ అవుతాయి, ఒక్కటీ తీరదు. సగటున రోజుకు ఆరు నిమిషాలు పోయినా ఐదు నెలలకు అది పదిహేను గంటల వెనుకబాటు. సాయంత్రం ఐదున్నరకు వెలగవలసిన దీపం పొద్దున ఎనిమిదిన్నరకు వెలిగి, రాత్రి పదిన్నరకు ఆరవలసినది మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆరుతుంది. పట్టపగలు వెలిగే దీపాన్ని ఎవరూ పట్టించుకోరు, వెలుగుతోంది కదా అని ధైర్యపడతారు.

ఇది ఇంత కాలం దొరకకుండా ఉండడానికి మరో కారణం ఉంది. టైమర్ వెనుకబడిన నాటి నుంచే గుడ్లు తగ్గి ఉంటే ఎవరైనా వారంలో పట్టుకుంటారు, కానీ అలా జరగదు. తెల్లవారిన తరువాత సుమారు 12 నుంచి 16 గంటల మధ్య వెలుతురు తగిలితే కౌజు పిట్ట మెదడు ఆ రోజును పొడవైన రోజుగా లెక్కిస్తుంది. మధ్యలో కాసేపు చీకటి ఉన్నా ఆ లెక్క అంతగా చెడదు. కాబట్టి మొదటి నెలల్లో, దీపం మూడు నాలుగు గంటలు ఆలస్యమై రాత్రి తొమ్మిదికి వెలిగినా, గుడ్ల సంఖ్య దాదాపు అలాగే ఉంటుంది. వెనుకబాటు ఎనిమిది గంటలకు చేరితే దీపం రాత్రి ఒకటిన్నరకు వెలిగి పొద్దున ఆరున్నర వరకు ఉంటుంది. పిట్టలు రాత్రి ఒకటిన్నరనే తెల్లవారుజాము అనుకుంటాయి, అక్కడి నుంచి సూర్యాస్తమయం దాకా లెక్క వేస్తే రోజు పొడవు చాలినంత ఉంటుంది, సంఖ్య ఇప్పుడూ తగ్గదు. తగ్గకపోయినా ఒకటి మారుతుంది: గుడ్డు పెట్టే వేళ. తెల్లవారుజాము ముందుకు జరిగింది కనుక గుడ్డు కూడా ముందుకు జరుగుతుంది. సాయంత్రం నాలుగుకు రావలసినది పొద్దునకో మధ్యాహ్నానికో వస్తుంది. వెనుకబాటు పన్నెండు గంటలు దాటి దీపం పూర్తిగా పగటిలో కలిసిపోయాక, అదే సమయానికి పగలు కూడా కురచ అవుతున్నాక, అప్పుడు గుడ్లు పడిపోతాయి. తప్పు జ్యేష్ఠంలో మొదలైతే శిక్ష కార్తీకంలో పడుతుంది, మధ్యలో మారిన దాణా బస్తా మీదా, పడిన మంచు మీదా నింద పోతుంది.

అందుకే పుస్తకంలో రెండు గడులు ఉండాలన్నాను. పొద్దున ఏరిన గుడ్లకూ, సాయంత్రం ఏరిన గుడ్లకూ ఉండే దామాషా వారం రోజుల్లో మారిందంటే, మొత్తం తగ్గకపోయినా సరే, ముందు టైమర్ దగ్గరకు వెళ్లండి. చక్రం మీద బాణం చూపించే వేళను మీ ఫోనులోని వేళతో పోల్చడానికి అర నిమిషం చాలు. ఆ తరువాత రాత్రి ఎనిమిదికీ, దీపాలు ఆరవలసిన వేళకూ స్వయంగా షెడ్డులో నిలబడండి. షెడ్డు చూసేవారిని అడిగి సరిపెట్టుకోవద్దు, వారు చూసే వేళ వేరు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లు కరెంటు పోయినా నడుస్తాయి కానీ, వాటిలోని చిన్న బ్యాటరీ చనిపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ అవి పన్నెండు గంటల నుంచి మొదలవుతాయి. వాటిని పెట్టేటప్పుడు ఉదయానికీ సాయంత్రానికీ గుర్తు తారుమారు చేసిన షెడ్లు కూడా నేను చూశాను. దీపాలకు ఇన్వర్టర్ పెట్టి టైమర్‌ను నేరుగా కరెంటుకే వదిలేసినవారి పని మరీ మోసం, ఎందుకంటే దీపం ఎన్నడూ ఆరినట్టు కనిపించదు, చక్రం మాత్రం కోత పడిన ప్రతిసారీ ఆగుతూనే ఉంటుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. బ్యాటరీ నిల్వ ఉన్న టైమర్ తీసుకోండి, లేదా ఉన్న చక్రం టైమర్‌నే ఇన్వర్టర్ లైనులోకి మార్చండి. ఏది పెట్టినా వారానికి ఒక రోజు, సంత రోజో ఆదివారమో గుర్తుగా పెట్టుకుని, బాణాన్ని ఫోనుతో కలపండి. తెల్లవారుజామునే దీపాలు వేస్తే పిట్టలు తొందరగా తింటాయని కొందరు రెండు పూటలూ వేస్తారు, అది తప్పు కాదు, మొత్తం 16 గంటలు కావాలి, రోజూ ఒకే వేళకు ఉండాలి. గుడ్లు పెడుతున్న మందకు వెలుతురు తగ్గించకూడదు. గుడ్లకు ఇంకా రాని మందకు ఒక్కసారిగా పెంచకూడదు, అయిదో వారం నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ తొమ్మిదో వారానికి 16 గంటలకు తేవాలి. చిన్న వయసులోనే దీపాలు ఎక్కువ వేసి తొందరపెట్టిన పెట్టలు బుడ్డ గుడ్లు పెడతాయి, గుడ్డు ఇరుక్కుని కొన్ని చనిపోతాయి.

ఇక వెలుతురు చాలడం సంగతి. కౌజు పిట్టకు రోజు పొడవును చెప్పే వెలుతురు కళ్ల గుండానే కాక పుర్రె గుండా కూడా నేరుగా మెదడుకు చేరుతుంది. అంటే పిట్ట మీద వెలుతురు పడాలి, షెడ్డులో ఎక్కడో వెలిగితే చాలదు. నాలుగంతస్తుల పంజరాల్లో పైవరుసకు దీపం కళ్లు చెదిరేలా ఉండి, అడుగు వరుసలో చీకటి గుహలా ఉండడం సాధారణం. రాత్రి అడుగు వరుస దాణా తొట్టి దగ్గర దినపత్రిక పట్టుకుని చూడండి, అక్షరాలు చదవగలిగితే చాలు, లేకపోతే బుగ్గలను పక్కకూ కిందకూ దించండి. దాణా దుమ్ము పట్టిన బుగ్గను పదిహేను రోజులకోసారి పొడిగుడ్డతో తుడవాలి. ఏ వరుసలో ఎన్ని గుడ్లు వస్తున్నాయో మూడు రోజులు విడిగా లెక్కిస్తే ఈ లోపం కాగితం మీదే బయటపడుతుంది, తగ్గింది అడుగు వరుస ఒక్కటే అయితే అది రోగం కాదు.

వెలుతురు సరిచేసిన మరునాడే గుడ్లు రావు. పచ్చసొన పెరగడానికే అయిదారు రోజులు పడుతుంది, ముడుచుకుపోయిన సంచి తిరిగి తేరుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం కావాలి. నా మంద పూర్వపు స్థితికి రావడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఏ మందూ వేయకుండా ఓపిక పట్టండి. మధ్యలో నాలుగు మందులు వేస్తే కోలుకున్నది దేనివల్లనో మీకు ఎప్పటికీ తెలియదు, వచ్చే ఏడాది మళ్లీ ఆ నాలుగు మందులూ కొంటారు.

వెలుతురు బాగుండి కూడా తగ్గితే

రెండో చూపు నీళ్ల మీద పడాలి. నల్లగొండ బోరు నీళ్లు అనగానే అందరి నోటా ఫ్లోరైడు మాటే వస్తుంది, కానీ గుడ్లు తగ్గిన షెడ్లలో నాకు తరచుగా కనిపించింది సున్నపు పొర. గట్టి నీళ్లు నిప్పుల్ (పిట్టలు ముక్కుతో తాకి నీళ్లు తాగే గొట్టపు మొన) లోపల పొర కడతాయి, లైనులో చివరి పంజరాల నిప్పుళ్లు ముందుగా మూసుకుపోతాయి. పైన ట్యాంకు నిండుగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కౌజు పిట్ట తిన్న దాణాకు రెండింతల బరువు నీళ్లు తాగుతుంది, నీళ్లు అందకపోతే ముందు మేత మానేస్తుంది, తరువాత గుడ్డు మానేస్తుంది. ప్రతి నిప్పుల్‌నూ వేలితో నొక్కి చుక్క పడుతుందో లేదో చూడాలి, నాలుగు చోట్ల చూసి మిగిలినవన్నీ అలాగే ఉంటాయనుకోకూడదు. దీపాలు ఆరాక, పిట్టలు తాగని వేళలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు లైనులో నింపి ఉంచి, తెల్లవారకముందే పూర్తిగా వదిలేసి మంచినీళ్లతో కడిగితే పొర వదులుతుంది.

మూడోది దాణాలో మాంసకృత్తులు. గుడ్లు పెట్టే కౌజు పిట్టకు నూటికి 20 వంతులు కావాలి, లేయర్ కోళ్ల దాణాలో సాధారణంగా 16 నుంచి 18 ఉంటాయి. కోళ్ల దాణా చవకగా దొరికిందని పెడితే ముందు గుడ్డు బరువు పది గ్రాముల నుంచి ఎనిమిదికి దిగుతుంది, ఆపైన సంఖ్య తగ్గుతుంది. కాబట్టి గుడ్డు చిన్నదై, తరువాత తగ్గితే దాణాను అనుమానించాలి. గుడ్డు సైజు మారకుండా సంఖ్య మాత్రమే పడిపోతే వెలుతురును అనుమానించాలి. వారానికోసారి వంద గుడ్లు తూకం వేసే అలవాటు ఉంటే ఈ తేడా మీకే తెలుస్తుంది.

దాణా ఇంట్లోనే కలుపుకునేవారు మక్కల తేమను చూసుకోవాలి. వానలో తడిసిన మక్కలు బాదేపల్లి మార్కెట్ నుంచి తెచ్చినా, సొంత చేనులోవే అయినా, ఆరకుండా బస్తాలకు ఎక్కితే బూజు పడుతుంది. దానితో వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని చెడగొట్టి గుడ్లనూ పెంకునూ కలిపి దెబ్బ తీస్తుంది. గింజను పంటితో కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే అవి ఎండలో పరచవలసిన మక్కలు. బూజు వాసన వచ్చిన బస్తాను మంచి బస్తాతో కలిపి పలచన చేయడం చాలామంది చేసే తప్పు, దానివల్ల రెండు బస్తాలూ పాడవుతాయి.

మే నెల సంగతి వేరు. నలభై అయిదు డిగ్రీలకు పోయే మన ఎండలో పిట్ట తినదు, తినకపోతే పెట్టదు. దాణా తెల్లవారుజామునా, పొద్దుగూకాకా వేయండి, రేకుల మీద సున్నం కొట్టి గడ్డి పరచండి, ట్యాంకుకు నీడ కట్టండి. ఎనిమిది నెలలు దాటిన మంద మెల్లమెల్లగా తగ్గడం వయసు ధర్మం, దానికి మందు లేదు.

పెంకు పలచన, తోలు గుడ్లు

కౌజు గుడ్డు చిన్నదే అయినా పిట్టకు అది పెద్ద బరువు, తన ఒంటి బరువులో సుమారు ఎనిమిది శాతం ఉంటుంది. కోడికి అది మూడు శాతం చుట్టూనే. కాబట్టి కాల్షియం లోటు కౌజు పిట్టలో తొందరగా బయటపడుతుంది. పెంకు చెడిన షెడ్లలో చాలా చోట్ల కారణం బ్రాయిలర్ దాణా. లెక్క చేసి చూడండి. పది గ్రాముల గుడ్డులో పెంకు దాదాపు 0.8 గ్రాములు, అందులో కాల్షియం సుమారు 0.3 గ్రాములు. పిట్ట రోజుకు తినేది 25 గ్రాముల దాణా. బ్రాయిలర్ దాణాలో కాల్షియం నూటికి ఒక వంతుకు లోపే కనుక మొత్తం తిన్నా అందేది 0.25 గ్రాముల లోపే, అందులోనూ ఒంటికి పట్టేది కొంతే. మూడు శాతం ఉన్న దాణాలో అదే 25 గ్రాములకు 0.75 గ్రాములు వస్తుంది. మాంసకృత్తులు ఎక్కువని బ్రాయిలర్ దాణా పెట్టేవారు ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటున్నారు, పిట్ట కొన్నాళ్లు తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది, తరువాత కాళ్లు చచ్చుబడి కూర్చుంటుంది.

కౌజు లేయర్ దాణా దొరకకపోతే షెల్ గ్రిట్ (ఆల్చిప్పల ముక్కలు) విడిగా పెట్టవచ్చు, కానీ కోళ్లకు వేసే ముక్కలు వీటికి పెద్దవి, జొన్న గింజలో సగం ఉండేలా జల్లించి పెట్టాలి. పెంకు కట్టే పని రాత్రంతా సాగుతుంది కనుక గ్రిట్‌ను సాయంత్రం వేస్తే రాత్రి వేళ కడుపులో నిలిచి మెల్లగా కరుగుతుంది. మెత్తటి రాతి పొడి ఒక్కటే వేస్తే అర్ధరాత్రికే అయిపోతుంది. కాల్షియం సరిపడా ఉన్నా పెంకు బాగుపడకపోతే విటమిన్ మిశ్రమం డబ్బా తేదీ చూడండి, ఎండలో రేకుల గదిలో నెలల తరబడి ఉన్న దానిలో డీ3 నిలవదు, డీ3 లేకుండా కాల్షియం ఒంటికి పట్టదు. బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలే ఊళ్లలో ఆ ఉప్పే పెంకును పలచన చేస్తుంది, అక్కడ పిట్టలకు తాగునీటి పథకం నీళ్లు పెట్టి రెండు వారాలు చూడాలి. మే నెలలో నోరు తెరిచి రొప్పే పిట్ట రక్తంలోని బొగ్గుపులుసు వాయువును పోగొట్టుకుంటుంది, పెంకు కట్టడానికి కావలసింది అదే, కాబట్టి ఆ రోజుల్లో పలచబడిన పెంకుకు గ్రిట్ కంటే చల్లదనమే మందు.

మచ్చలు లేని గుడ్లు, సున్నం పూసినట్టున్న గుడ్లు

కౌజు గుడ్డు మీది మచ్చల ముద్ర ఒక్కో పెట్టకు ఒక్కోలా ఉంటుంది, అదే పెట్ట రోజూ దాదాపు అదే ముద్ర వేస్తుంది. ఆ రంగు గుడ్డు బయటకు రావడానికి ముందు చివరి రెండు మూడు గంటల్లో పడుతుంది. పిట్ట బెదిరి గుడ్డును ముందే వదిలితే రంగు పడదు, బెదిరి లోపలే ఆపుకుంటే దాని మీద మరో సున్నపు పూత పడి తెల్లగా కనిపిస్తుంది. ఒక పంజరంలో రోజూ ఒకే తెల్ల గుడ్డు వస్తుంటే అది ఒక పెట్ట లోపం, దాన్ని వేరు చేయండి. ఒక్క రోజులో అన్ని వరుసల్లోనూ తెల్ల గుడ్లు వస్తే ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏం జరిగిందో ఆలోచించండి. బారాత్ డీజే, దీపావళి టపాకాయలు, షెడ్డులో దూరిన పిల్లి, ఎలుకల కోసం వచ్చిన పాము, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అది పోయాక మూడు నాలుగు రోజుల్లో రంగు తిరిగి వస్తుంది. వారమైనా రాకపోతే మళ్లీ దాణా బస్తా చూడండి, బ్రాయిలర్ దాణాలో కాక్సీడియా అనే పేగుల పరాన్నజీవికి మందుగా కలిపే నికార్బజిన్ కోడిగుడ్ల గోధుమ రంగునే తుడిచేస్తుంది, గుడ్ల పిట్టలకు అది ఉన్న దాణా పెట్టకూడదు.

పగుళ్లు, లోపలి నాణ్యత

మచ్చల మధ్య సన్నని పగులు కంటికి కనిపించదు. రెండు గుడ్లను చేతిలో పట్టుకుని మెల్లగా తాకిస్తే మంచివి గట్టిగా మోగుతాయి, పగిలినది బోలుగా వినిపిస్తుంది. పగుళ్లు ఒకే పంజరంలో ఉంటే అడుగు వాలునూ, తీగ చివరనూ చూడాలి, అన్నింటిలో ఉంటే పెంకు పలచన గురించి పైన రాసినది చూడాలి. తెల్లసొన నీళ్లలా పారుతోందని కొనేవారు తిరిగి ఇస్తే పిట్టలకు వంక పెట్టకండి, అది సాధారణంగా నిల్వ తప్పు. రేకుల గదిలో మూడు రోజులు ఉన్న గుడ్డు చూడడానికి తాజాగానే ఉంటుంది, కొడితే తెలుస్తుంది. అమ్మే గుడ్లను నీళ్లతో కడగవద్దు, పైన ఉన్న సహజమైన పొర పోయి అవి ఇంకా తొందరగా చెడతాయి.

అరుదైనవి

జంట సొనలు, సొనలో నెత్తుటి చుక్క, అప్పుడప్పుడు వచ్చే గోళీ అంత గుడ్డు, వీటి వెంట పడవద్దు. గుడ్డు ఇరుక్కుని మూలన ముడుచుకుని కూర్చున్న పెట్ట ఒకటీ అరా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి మలద్వారానికి నూనె రాస్తే కొన్ని బతుకుతాయి, అలాంటివి ఒకే వారంలో నాలుగైదు కనిపిస్తే వయసు రాకముందే దీపాలు పెంచారని అర్థం.

కొక్కెర రోగం కౌజు పిట్టలకు కోళ్లకంత తేలికగా రాదు కానీ వస్తుంది, పేగుపూత రోగం కూడా ఉంది. ఈ రెండింటిలోనూ గుడ్లు తగ్గడంతో పాటు చావులు ఉంటాయి, నీళ్ల విరేచనాలు, వాలిపోయిన రెక్కలు, మెడ తిప్పడం వంటివి కనిపిస్తాయి. పిట్టలు చురుకుగా తింటూ, చావులు లేకుండా గుడ్లు మాత్రమే తగ్గితే అది చాలా వరకు రోగం కాదు. రెండు రోజుల్లో వరుసగా చావులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా, అప్పుడే చనిపోయిన రెండు మూడు పిట్టలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐసు ముక్కలున్న డబ్బాలో పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. పరీక్ష జరిగేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దు, మొదలుపెట్టాక కోసి చూసినా సూక్ష్మజీవి దొరకడం కష్టమవుతుంది. వెళ్లేటప్పుడు గుడ్ల పుస్తకం కూడా వెంట తీసుకెళ్లండి, ఆ రెండు గడులు చూస్తే డాక్టరుకు సగం సంగతి అక్కడే అర్థమవుతుంది.